బాడవలో ఆగిన ఊరు

"ఆ రోజు నువ్వు నవ్వావు," అన్నాడు హల్వర్.

గూరో పొయ్యి మీద కాఫీ కెటిల్ జారిపోకుండా ఒక పక్కన ఎత్తు పెట్టిన ఇనుపముక్కను సర్దింది.

"ఇల్లు కూరుకుపోతోంది. గుర్రాలు మోకాళ్ళ మీద పడ్డాయి. అమ్మ మంచంతో సహా ఆ మూలకి జారిపోయింది. నువ్వేమో గుమ్మం పట్టుకుని నవ్వావు. మా ఎలింగ్ చూశాడు. గుర్రాలు తోలేవాళ్ళందరూ చూశారు."

"మీ అమ్మ కూడా నవ్వింది."

"నేను నవ్వలేదు," అంది మంచం మీంచి బెరిట్. "దేవుణ్ణి తలుచుకున్నాను. పళ్ళు లేవు కదా, నాకు రెండూ ఒకేలా ఉంటాయి."

హల్వర్ తల్లివైపు చూడలేదు. కొలిమి ఉన్న పెండ్రీ ఊరి నుంచి ఆ బురదలో నడిచి వచ్చాడు. బూట్లు విప్పకుండానే గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. నేల వాలుగా ఉండటం వల్ల ఒక కాలు పొట్టిగా ఉన్నవాడిలా కనిపిస్తున్నాడు. కొలిమి దగ్గర నిలబడితే ఎవరూ కదపలేని మనిషి. తన ఇంట్లో తిన్నగా నిలబడలేకపోవడం అతనికి అవమానంగా ఉందని గూరోకి తెలుసు. తెలిసీ జాలిపడలేదు. జాలిపడితే తన పట్టు సడలుతుంది.

మంగళవారం నుంచి ఆ ఇంట్లో ఏదీ తిన్నగా లేదు. బఠాణీ పులుసు గిన్నెలో ఒక అంచును తాకి రెండో అంచును వదిలేసేది. బెరిట్ చేతిలోంచి ఊలు ఉండ జారితే ఉత్తరపు మూలకే దొర్లేది. ఇంటి కింద జారుడుకి తొడిగిన రెండు దూలాల్లో ఒకటి దారిలోని పల్లపు బాడవలో మంచుగడ్డ విరిగి బురదలో దిగిపోయింది. రెండోది గట్టు అంచున ఆగింది.

చలికాలమంతా టూవా ఇళ్ళు ఇలాగే దూలాల మీద, గడ్డకట్టిన నేల మీదుగా, గుర్రాల వెనక జారుకుంటూ వెళ్ళిపోయాయి. రైలు టూవాకి రాలేదు. ఆరు మైళ్ళ అవతల పెండ్రీ అని స్టేషను కట్టుకుని అక్కడ ఆగింది. దాంతో చర్చి అటు పోయింది, కొట్టు పోయింది, హల్వర్ కొలిమి పోయింది. పడమటి కిటికీలోంచి చూస్తే పాత ఊరు ఉన్నచోట ఇప్పుడు చదరపు గుంటలూ, ఒక బావి మూతా కనిపిస్తాయి. తూర్పు కిటికీలోంచి పెండ్రీ నీళ్ళట్యాంకు కనిపిస్తుంది. చివరికి మిగిలింది ఈ ఇల్లు, దీని ముందుగదిలోని పోస్టాఫీసు. సరిగ్గా సగం దారిలో ఆగిపోయాయి రెండూ.

"రేపు శనివారం," అన్నాడు హల్వర్. "రేపటికి ఇల్లు చేరకపోతే స్టేషనెదురు స్థలం ఇంకొకడికి ఇచ్చేస్తాట్ట ఆ రైలు కంపెనీ లాథ్రప్. ఇవాళ దక్షిణపు గాలి మళ్ళింది, చూశావా. ఆదివారానికి నేలంతా బురద. ఇక వచ్చే చలికాలం దాకా కోళ్ళగూడు కూడా కదలదు."

"కదలకపోతే మానె."

"నా కొలిమి అక్కడ, నా మంచం ఇక్కడ. టూవాలో లాడాలు కొట్టించుకోడానికి ఎవరున్నారే? నేలుడతలా?"

"నిన్ను కొలిమి మానుకోమన్నానా? మూడు మైళ్ళు. పొద్దున పోయి సాయంత్రం రా. కొలిమికి కంపెనీ పేరు కూడా రాయించుకో. నాకేం అభ్యంతరం లేదు."

"అక్కడికి చేరితే మారేది నీ పోస్టాఫీసు పేరొక్కటే గూరో."

"ఒక్కటే."

"గాలి అదే. మనుషులు వాళ్ళే. రేపు నీ ముందుగదిలో వరసకట్టేది కూడా వాళ్ళే."

"అయితే వాళ్ళనే మార్చుకోమను. పెండ్రీని టూవా అనమను."

"కంపెనీ వాళ్ళు స్టేషన్లకి ఇంగ్లీషు అక్షరాల వరసన పేర్లు పెట్టుకొచ్చారు. ఓ అయింది, పీ వచ్చింది. లాథ్రప్ చేతిలో ఏముంది?"

"ఆ పెండ్రీ ఎవరో నీకు తెలుసా?"

"కంపెనీలో ఎవరో పెద్దాయన అల్లుడట."

"ఎప్పుడైనా ఇటు వచ్చాడా?"

"అల్లుళ్ళు భోజనానికి తప్ప రారు," అంది బెరిట్.

హల్వర్ నిట్టూర్చాడు. కోపం తగ్గినప్పుడు అతని గొంతులో ఒక మెత్తదనం వస్తుంది. గూరో భయపడేది దానికే.

"మనం ఓడ దిగినప్పుడు మన పేర్లు కూడా మార్చారు కదే. ఇంటిపేరుగా చెప్పిన మా ఊరి పేరు నోరు తిరగలేదని ఆ గుమాస్తా పీటర్సన్ అని రాసుకున్నాడు. నేను పీటర్సన్‌నయ్యాను, నువ్వూ అయ్యావు. ఏమైంది? బతకలేదా?"

"బతికాం. అందుకే ఇంకోసారి వద్దంటున్నాను."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. ఇద్దరూ అటే చూశారు.

ఊరికి పేరు పెట్టిన రోజు గూరోకి బాగా గుర్తు. మట్టి పెళ్ళలతో కట్టిన మొదటి ఇల్లు. తపాలా శాఖవాళ్ళు ఆఫీసు ఇస్తాం, ఊరి పేరు రాసి పంపమన్నారు. హల్వర్ పొలంలో ఉన్నాడు. అప్పటిదాకా ఆమెను ఎవరూ దేనికీ పేరు పెట్టమని అడగలేదు. తలుపు తీసి చూస్తే ఎదురుగా ఒక గడ్డిదుబ్బు గాలికి నేలకంటా వంగి మళ్ళీ లేస్తోంది. వాళ్ళు వదిలొచ్చిన దేశంలో గడ్డిదుబ్బును టూవా అంటారు. రాసింది. ఆలోచించి పెట్టింది కాదు. ఎవరి గౌరవం కోసమో, ఎవరి జ్ఞాపకార్థమో పెట్టింది కాదు. అందువల్లే అది పూర్తిగా తనదని ఇన్నేళ్ళ తర్వాత ఈ వాలు నేల మీద నిలబడితేగాని ఆమెకు తెలియలేదు.

ఆమె వంగి అత్తగారి మంచం కిందనుంచి ఒక చెక్కపలక లాగింది. ఇల్లు బయలుదేరే ముందు హల్వర్ తన చేత్తోనే మేకులు పీకి దించిన పలక అది. నల్లరంగుతో 'టూవా పోస్టాఫీసు' అని రాసి ఉంది. దాన్నీ, సుత్తినీ తీసుకుని బయటికి నడిచింది.

హల్వర్ ఆపలేదు. వెనకే వచ్చి చూస్తూ నిలబడ్డాడు.

"వంకరగా కొట్టావు," అన్నాడు చివరికి.

"ఇల్లు వంకర. పలక తిన్నగానే ఉంది. అటు చూడు."

అతను చూశాడు. మైదానం చివర ఆకాశం నేలను తాకే గీత ఉంది. పలక ఆ గీతకు సమంగా ఉంది. ఇల్లే దాని వెనక ఒరిగి ఉంది.

"రేపు పొద్దున్నే ఇరవై గుర్రాలతో వస్తాం," అన్నాడు అతను, ఆ గీత మీంచి కళ్ళు తిప్పుకోకుండా. "నువ్వు గుమ్మంలోకి వచ్చి కదలమని మాట చెప్పాలి."

ఆమె రెండో మేకు కొట్టింది.

* * *

ఎలింగ్ సాయంత్రం పూట వచ్చాడు, ఉత్తరం ఉందేమోనని. హల్వర్‌కి పినతండ్రి కొడుకు. టూవా ఇళ్ళన్నీ లాగింది అతనే. గుర్రాలు ఎవరివైనా, తోలే గొంతు అతనిది.

పలక చూసి టోపీ తీశాడు. నవ్వాడో లేదో గడ్డంలో తెలియలేదు.

"పెండ్రీలో మా ఆవిడ అడిగింది వదినా, ఎక్కడికని. టూవా వెళ్ళొస్తానన్నాను. అలవాటు మీద వచ్చేసింది. ఆ పక్కన కొట్టువాడూ అదే అన్నాడు, తను కూడా రేపు టూవా వెళ్ళాలట, విత్తనాల పార్సిలుందట."

గూరో చేతిలో ఉత్తరాల కట్ట ఆగింది. ఇల్లు లేదు, వీధి లేదు, చర్చి గంట లేదు. అయినా మనుషులు టూవా వెళ్ళొస్తామంటున్నారు. బురదలో మూడు మైళ్ళు తిట్టుకుంటూ నడిచి, ఒరిగిన గదిలోకి వంగి వచ్చి, ఉత్తరం తీసుకుని పోతున్నారు. ఊరికి ఇంకేం కావాలి?

"నీకు ఉత్తరం లేదు ఎలింగ్. కాఫీ ఉంది."

అతను కూర్చుని కప్పును మోకాలి మీద తిన్నగా నిలబెట్టుకున్నాడు.

"దూలం కింద పలకలు తోశాం, గడ్డి కూరాం. పొద్దున నేల గట్టిగా ఉన్నంతసేపట్లో లాగితే గట్టెక్కుతుంది. ఎక్కాక ఇక ఆగకుండా పోవచ్చు." ఒక గుటక తాగాడు. "లాథ్రప్ ఇంకో మూడు ఇళ్ళు లాగించాలట, వచ్చే చలికాలం. నాకివ్వడట. ఇల్లు ముంచినవాడని పేరొచ్చింది."

గూరో ఉత్తరాల కట్టకు తాడు బిగించింది.

"ఇన్ని ఇళ్ళు లాగాను. ఒక్కరి ఇంట్లో కప్పు పగల్లేదు. ఆ రోజు నాకూ అనుమానంగానే ఉంది. అందుకే చుట్టూ తిరిగి పోదామా, మంచు మీదుగానా అని నిన్నడిగాను. మీదుగానే పొమ్మన్నావు. నువ్వు ఎన్నిసార్లో నడిచిన దారి కదా, నీకు తెలుసు కదా అనుకున్నాను. తప్పు నీది కాదులే. తోలేవాడు నేను."

అతను వెళ్ళిపోయాక ఆమె ఆ ఖాళీ కప్పు తీసింది.

"అతన్ని అలా పోనిచ్చావేం?" అంది బెరిట్. అల్లిక మీంచి తలెత్తలేదు.

"ఇంకెలా పోనివ్వమంటారు?"

"నీటెలుకల గూళ్ళు నాక్కూడా కనిపించాయి. మంచం మీంచి, ఈ చూపుతో. జమ్ము కుప్పలేసినట్టు వరసగా ఉన్నాయి. వాటి చుట్టూ మంచు పల్చగా ఉంటుందని ఇక్కడ పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ఎలింగ్ గుర్రాల వెనక ఉన్నాడు, అతనికి కనపడవు. నువ్వు గుమ్మంలో ఉన్నావు."

గూరో గోడ పట్టుకుంది. చూశానా? ఆ ఉదయాన్ని ఎన్నిసార్లు తిరగేసుకున్నా ఒకచోట ఆగిపోయేది. గుమ్మం, తెల్లని మంచు, ఎలింగ్ గొంతు, తన గొంతు. ఆ రెండు గొంతుల మధ్య తన కళ్ళు ఎటు చూశాయి? మనసు ఒక పని చేయదలుచుకున్నప్పుడు కళ్ళను అడగదు, చెప్పదు కూడా. మీదుగానే పొమ్మన్నది నోరు. విరిగినప్పుడు నవ్వింది ఎవరు?

"చూశాను, అత్తయ్యా," అంది. అంటూండగానే అది నిజమని తెలిసింది.

"ఊఁ. ఆ ఊలు ఉండ అందుకో. మళ్ళీ ఆ మూలకే పోయింది."

"మీకు కోపం లేదా?"

"నాకు నడుంనొప్పి ఉంది. ఈ వాలు మంచం మీద నాలుగు రోజులుగా నిద్రలేదు. నేల తిన్నగా ఉన్నచోటికి ఎవరు తీసుకెళ్ళినా సరే పోతాను, రైలు కంపెనీ అయినా, దయ్యమైనా. కోపం సంగతి ఆ తర్వాత చూద్దాం."

* * *

శనివారం పొద్దున్నే గుర్రాలు వచ్చాయి. ముక్కుల్లోంచి పొగలు. గొలుసులు దూలాలకు తగిలించారు. తోలేవాళ్ళు ఎవరి జత దగ్గర వాళ్ళు నిలబడ్డారు. లాథ్రప్ శుభ్రమైన బూట్లతో, బురద అంటని దూరంలో, బండిలోనే కూర్చున్నాడు. కంపెనీ తరఫున పెండ్రీలో స్థలాలు పంచేది అతనే.

"అమ్మా, శుభోదయం. మధ్యాహ్నానికల్లా మీ ఇల్లు స్టేషనెదురుగా ఉంటుంది. ఆ పలక మాత్రం ఇక అక్కర్లేదు. కొత్తది మేమే చేయించాం."

"తపాలా శాఖ ఉత్తర్వులో ఏముందండీ?" అడిగింది గూరో గుమ్మంలోంచి.

"ఆఫీసు పెండ్రీ చేరిన రోజు నుంచి దాని పేరు పెండ్రీ అని."

"చేరిన రోజు నుంచి. నేనూ అలాగే చదివాను."

లాథ్రప్ చిరునవ్వు కాస్త ఆలస్యంగా పోయింది. "మీరు రాకపోతే మేం వేరే ఆఫీసు కావాలని రాస్తాం."

"రాయండి. జవాబు నా తపాలా సంచీలోనే వస్తుంది."

తోలేవాళ్ళలో ఎవరో దగ్గినట్టు నవ్వారు. హల్వర్ మాత్రం నవ్వలేదు. అతను గుర్రాల ముందు నిలబడి భార్యనే చూస్తున్నాడు.

ఎలింగ్ కొరడా చంకలో పెట్టుకుని గుమ్మం ముందుకొచ్చాడు. ఇల్లు కదిలేటప్పుడు ఆడవాళ్ళు లోపలే ఉంటారు, నిప్పు ఆర్పరు. ఒకసారి ఎవరో తొందరపడి తోలితే పొయ్యి తిరగబడి ఇల్లు దారిలోనే కాలిపోయింది. అప్పటినుంచి లోపలి ఆడమనిషి మాట ఇస్తేగాని ఎవరూ కొరడా ఎత్తరు.

"వదినా, నిప్పు భద్రమేనా? కదలమంటావా?"

"దానికి ముందు ఒకటి చెప్పాలి," అంది గూరో. గొంతు పెంచింది, ఆఖరి జత దగ్గర ఉన్నవాడికి కూడా వినపడేలా. "మంగళవారం ఇల్లు దిగబడింది ఎలింగ్ తప్పు కాదు. నీటెలుకల గూళ్ళు నాకు కనిపించాయి. కనిపించీ మీదుగా పొమ్మన్నాను. లాథ్రప్ గారూ, ఇతను ఇళ్ళు ముంచే మనిషి కాదు. మీరూ వినండి."

ఒక గుర్రం కాలు మార్చుకుంది. గొలుసు గలగలమంది.

హల్వర్ మొహంలో రంగు మారింది. ఎలింగ్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, ఏం చేయాలో తెలియక నేలవైపు చూశాడు.

"ఇక మాట చెబుతున్నాను," అంది ఆమె. "నిప్పు భద్రం. గట్టు మీదికి లాగండి. గట్టు మీద ఆపండి."

ఎలింగ్ హల్వర్ వైపు చూశాడు. హల్వర్ తల ఊపాడు. గట్టెక్కడం ఎటూ కావాలి.

కొరడా గాలిలో పేలింది. ఇరవై గుర్రాలు ఒక్కసారి ముందుకు వాలాయి. ఇల్లు మూలిగింది, బురద దూలాన్ని పీల్చిపట్టి వదిలింది. అల్మరాలో పళ్ళేలు గణగణలాడాయి. నేల గూరో పాదాల కింద నెమ్మదిగా తిరిగింది. నాలుగు రోజులుగా వంచుకున్న మోకాలు తనంతట తానే తిన్నగా అయింది. కెటిల్ కింద ఇనుపముక్క అనవసరంగా ఎత్తుగా కనిపించింది.

ఇల్లు గట్టు మీద ఆగింది. అక్కడి నుంచి రెండు ఊళ్ళూ కనిపిస్తున్నాయి, ఉన్నదీ, లేనిదీ.

"ఇప్పుడు, వదినా?" అన్నాడు ఎలింగ్.

ఆమె గుమ్మం మధ్యలో నిలబడి చేతులు కట్టుకుంది. దక్షిణపు గాలి మళ్ళీ మొదలైంది. చూరు నుంచి నీటిబొట్లు రాలుతున్నాయి. లాథ్రప్ గడియారం తీసి చూసి, మూత టక్కున వేశాడు.

"తోలు ఎలింగ్," అన్నాడు హల్వర్.

"మాట రాలేదు."

"నా ఇల్లు అది."

"కావచ్చు అన్నయ్యా. కానీ మాట రాలేదు." ఎలింగ్ కొరడాను మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు. కాసేపటి కిందట ఆమె అతనికి తిరిగి ఇచ్చింది ఏమిటో తోలేవాళ్ళందరికీ తెలుసు. వాళ్ళెవరూ కదల్లేదు.

హల్వర్ గుమ్మం దగ్గరికి వచ్చాడు. భార్యను దాటి లోపలికి చూశాడు.

"అమ్మా, నువ్వు కూడా ఈ ఇంటి ఆడమనిషివే. నువ్వు చెప్పు. అక్కడ నీకు చర్చి ఉంది, డాక్టరున్నాడు, మాట్లాడ్డానికి మనుషులున్నారు. ఒక్కమాట చెప్పు."

గూరో ఈ సంగతి ఆలోచించలేదు. రాత్రి ముసలామె అన్నమాట గుర్తొచ్చింది, ఎవరు తీసుకెళ్ళినా సరే పోతానని.

బెరిట్ మంచం దిగింది. కర్ర వెతుక్కుంది. ఊలు ఉండను తీసుకుని గది మధ్యకు వచ్చి, వంగి, దాన్ని నేల మీద పెట్టి చెయ్యి తీసేసింది.

అది అక్కడే ఉంది.

ముసలామె దాన్ని చాలాసేపు చూసింది, పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని చూసినట్టు.

"ఇక్కడ నేల తిన్నగానే ఉంది," అంది. "నేను ఇంక ఎక్కడికీ జారను. బూట్లు విప్పి లోపలికి రా హల్వర్, కాఫీ తాగు. ఆ పెద్దమనిషికి కూడా పొయ్యండి. ఆయన అల్లుడో కాదో నాకు తెలీదుగాని అలాగే కూర్చున్నాడు."

ఎవరూ నవ్వలేదు. హల్వర్ తల్లిని చూశాడు, తర్వాత భార్యను. ఆమె కళ్ళు దించలేదు. ఆ చూపులో గెలుపు లేదని అతనికి కనిపించాలని ఆమె కోరుకుంది. కనిపించిందో లేదో తెలియలేదు. ఏళ్ళ తరబడి పక్కన పడుకున్న మనిషి మొహం, ఇప్పుడు చల్లారిన ఇనుములా ఉంది.

"పలక వంకరగా ఉంది," అన్నాడు అతను.

నిజమే. నిన్న ఆకాశపు గీతకు సమంగా కొట్టిన పలక, ఇల్లు తిన్నగా అయ్యేసరికి ఒరిగిపోయింది.

అతను తన పనిముట్ల సంచీలోంచి సుత్తి తెచ్చాడు. లాథ్రప్ బండిలోనే సగం లేచాడు. తోలేవాళ్ళు గుర్రాల కళ్ళేలు పట్టుకుని చూస్తున్నారు. హల్వర్ పలక కింద నిలబడి, సుత్తి వెనక చీలికను మేకు తల కింద దూర్చి, బరువంతా వేసి నొక్కాడు.

దించడానికో, సరిచేసి కొట్టడానికో గూరోకి తెలియలేదు. ఏది చేయాలన్నా ముందు ఆ మేకు ఊడి రావాల్సిందే.